సాధించబడిన ముఖం

టార్గెట్ అన్న మాట పక్కన అంకె లేని కాగితం గంగాధరం గారి బల్ల మీదికి రావడం ఆయన ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో అదే మొదలు. ఆయన మెట్టవలస జిల్లా ఆరోగ్యాధికారి కార్యాలయంలో సూపరింటెండెంటు. దోమతెరల నుంచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దాకా ఆయన చేతి మీదుగా పోని టార్గెట్ లేదు. రాజధాని నుంచి వచ్చిన ఈ ఉత్తరంలో మాత్రం ఇలా ఉంది: "జీర్ణవ్యవస్థ క్యాన్సర్ ముదిరిన దశలోనున్న రోగులకు నోటి ద్వారా ఇచ్చు టార్గెటెడ్ ఔషధమును తమ జిల్లా ఆస్పత్రికి సరఫరా చేయడమైనది." ఎంత మందికి? ఏ తారీఖులోగా? మండలానికి ఎందరు? గంగాధరం గారు కాగితం వెనక్కి తిప్పి చూశారు. వెనక కూడా లేదు.

పాపం పైవాళ్ళు వేయడం మర్చిపోయారనుకున్నారు. పైవాళ్ళు మర్చిపోయినదాన్ని వాళ్ళకి గుర్తు చేస్తే అహంకారం, మనమే పూరించుకుంటే విధేయత. జిల్లాలో ఇరవై ఏడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. కేంద్రానికి పన్నెండు మంది చొప్పున మూడువందల ఇరవై నాలుగు. పన్నెండే ఎందుకంటే ఏడాదికి నెలలు పన్నెండు కాబట్టి. ఆ అంకెను ఎర్ర సిరాతో వేసి, కింద గీత గీసి, అన్ని పెట్టెలు పంపమని రాజధానికి రాసి, నిశ్చింతగా మధ్యాహ్నం క్యారేజీ విప్పుకున్నారు.

జిల్లా ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చునే ఫార్మసిస్టు పేడాడ తారకేశ్వరికి ఈ సంగతి రెండు నెలలదాకా తెలియదు. ఆవిడ ఆ కిటికీ వెనక ఇరవై ఆరేళ్ళుగా ఉంది. దగ్గు మందు సీసా దగ్గర్నుంచి పాము కాటు సూది దాకా ఏది ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో రిజిస్టరు తెరవకుండా చెప్పగలదు. కొట్టివేత లేని రిజిస్టరు తనదొక్కటేనని కొంచెం గర్వం కూడా ఉండేది. కొత్త మాత్రల గురించి ఆవిడకి తెలిసిందల్లా, గురువారం గురువారం పెద్ద ఊరి నుంచి వచ్చే క్యాన్సర్ డాక్టరు నిఖత్ చెప్పిందే.

"మామూలు క్యాన్సర్ మందు ఒళ్ళంతా తిరిగి మంచిదాన్నీ చెడ్డదాన్నీ కలిపి బాదుతుంది మేడమ్. ఇది అలా కాదు. కొందరి కణితిలో ఒక గుర్తు ఉంటుంది. ఈ మాత్ర వెళ్ళి ఆ గుర్తునే పట్టుకుంటుంది. పరీక్ష చేసి, గుర్తు ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. లేనివాళ్ళకిస్తే ఉపయోగం సున్నా, బాధలు మాత్రం బోలెడు."

"తగ్గిపోతుందా డాక్టరుగారూ?"

"పూర్తిగా పోతుందని చెప్పను. అణిగి ఉంటుంది. ఎంత కాలమో మనిషిని బట్టి. కానీ రోజూ అన్నం తిన్నాక ఒకటి, గ్లాసుడు నీళ్ళతో, ఒక్క పూట కూడా మానకూడదు. మానితే అది మళ్ళీ లేచి కూర్చుంటుంది."

గుర్తు ఉన్నట్టు పరీక్షలో తేలిన మొదటి మనిషి సిమ్మ దాలినాయుడు. తోటవాడలో జీడిపిక్కలు కాల్చే బట్టీలో పని. యాభై రెండేళ్ళు. పొట్టలో పుట్టిన కణితి కాలేయం దాకా పాకింది, కోతకి లొంగే దశ దాటిపోయింది. మొదటి రోజు పెళ్ళాం సూరీడమ్మ భుజం మీద వాలి వచ్చాడు. కిటికీ ముందు నిలబడలేక నేల మీదే కూర్చున్నాడు. తారకేశ్వరి పెట్టె ఇచ్చి, ఎలా మింగాలో చెబుతుంటే, "అన్నం తిన్నాక అంతన్నావు తల్లీ. ఆ తినీది నా వొల్ల అయితే ఈ మాత్రెందుకు?" అన్నాడు.

రెండో నెల తన కాళ్ళతో తను వచ్చాడు. మూడు మెట్లూ ఆగకుండా ఎక్కి కిటికీలోకి తొంగి చూశాడు.

"నిన్న రేత్రి నెత్తళ్ళ సేపల పులుసు సేయించుకున్నాడమ్మా," అంది సూరీడమ్మ, ఫిర్యాదు చేస్తున్నట్టు. "రెండుమాట్లు కూడేయించుకున్నాడు. నాకు అడుగూ బొడుగూ మిగిల్చినాడు." చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ కిటికీ ముందు ఏడ్చినవాళ్ళని ఎందరినో చూసింది గానీ, మొగుడు అన్నం తిన్నాడని ఏడ్చిన మనిషిని తారకేశ్వరి అదే చూడటం. ఆ పూట ఆవిడకి కూడా అన్నం రుచిగా ఉంది.

ఆ మరుసటి వారమే జిల్లా సమీక్షా సమావేశం. అధ్యక్షులు జిల్లా ఆరోగ్యాధికారి డాక్టర్ మజ్జి వాసుదేవరావు గారు. ఆయన డాక్టరు చదివిన మాట నిజమే. కానీ స్టెతస్కోపు వదిలి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడాయన చెవికి శాతాలు తప్ప వేరే చప్పుళ్ళు వినపడవు. ఆయన ఎడమ పక్కన గంగాధరం గారు, ఎదుట నిఖత్, మూల కుర్చీలో రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని తారకేశ్వరి.

"నోటి టార్గెట్ పథకం," అని చదివారు వాసుదేవరావు గారు. "లక్ష్యం మూడువందల ఇరవై నాలుగు. అచీవ్‌మెంట్ ఒకటి. శాతం, సున్నా పాయింటు మూడు. డాక్టరమ్మా, ఇది ఆస్పత్రా, ధ్యానమందిరమా?"

నిఖత్ తెల్లబోయింది. "సార్, టార్గెటెడ్ అంటే అది కాదు. ఈ మందుకి టార్గెట్ సెల్‌లో ఉంటుంది."

"నేనూ అదే కదమ్మా మొత్తుకుంటున్నాను. మన స్టాటిస్టికల్ సెల్‌లోనే ఉంది. గంగాధరం గారూ, ఆ ఫైలు చూపించండి."

"ఆ సెల్ కాదు సార్. క్యాన్సర్ సెల్."

వాసుదేవరావు గారు పక్కకి తిరిగారు. "మనకి క్యాన్సర్ సెల్ ఉందా?"

"ఇంకా మంజూరు కాలేదండి," అన్నారు గంగాధరం గారు వినయంగా. "ఇద్దరు గుమాస్తాలు, ఒక బీరువా కోరుతూ ప్రతిపాదనలు పంపి ఉన్నామండి."

"అది వచ్చేదాకా ఆగుతామా? మార్చి ముప్ఫై ఒకటి ఆగుతుందా? గుర్తు ఉన్నా లేకున్నా ముందు లబ్ధిదారుల్ని గుర్తించండి," అని సమావేశం ముగించారు. నిఖత్ మెట్లు దిగుతూ, "మేడమ్, నేను తెలుగులోనే మాట్లాడానా?" అని అడిగింది. తెలుగులోనే మాట్లాడారని తారకేశ్వరి ధైర్యం చెప్పింది.

ఆ తర్వాత జిల్లాలో జీర్ణ లక్ష్య పక్షోత్సవాలు మొదలయ్యాయి. ప్రతి నర్సమ్మా పదిహేను రోజుల్లో ఇద్దరు ముదిరిన జీర్ణ క్యాన్సర్ వాళ్ళని పట్టుకురావాలి. దొరక్కపోతే ఏ జీర్ణం ముదిరినవాళ్ళయినా సరే. ఒక నర్సమ్మ పెళ్ళి భోజనాల పందిట్లో నిలబడి విస్తట్లో అన్నం వదిలేసిన వాళ్ళ పేర్లన్నీ రాసుకుంది. ఇంకొకావిడ బస్సు స్టాండులో సోడా తాగేవాళ్ళని నిలేసింది. కొన్ని ఊళ్ళలో తెల్ల చీర కనపడగానే మగవాళ్ళు జీడితోటల్లోకి పరుగు తీశారు. పాతరోజుల ఆపరేషన్ల టార్గెట్ మళ్ళీ వచ్చిందని వాళ్ళ భయం. అది కాదు, ఇది క్యాన్సర్ అని చెప్పగానే కొందరు ధైర్యంగా వెనక్కి వచ్చేవారు.

బొడ్డవలస అనే ఊళ్ళో మాత్రం ఎంత వెతికినా ఒక్కరూ దొరకలేదు. ఆ ఊరి నర్సమ్మకి తాఖీదు వచ్చింది. "మీ పరిధిలో క్యాన్సర్ ఎందువలన లేదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ఇచ్చుకొనని యెడల శాఖాపరమైన చర్య తీసుకొనబడును." ఆ పిల్ల ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి, ఏమని రాయాలో చెప్పమని తారకేశ్వరిని అడిగింది. "ఇకముందు ఇటువంటి పొరపాటు జరగకుండా చూసుకొందునని రాయి," అంది తారకేశ్వరి. ఆ సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదని ఆమోదించారు.

పేర్ల జాబితా నిఖత్ దగ్గరికొచ్చింది. త్రేన్పులు, పుల్లటి నీళ్ళు, మలబద్ధకం, ఒకాయనకి పంటి నొప్పి. పంటితో నమలకపోతే అరగదు కదా అని చేర్చారట. నిఖత్ జాబితా మడిచి వెనక్కిచ్చేసింది.

"గుర్తు లేనివాళ్ళకి ఒక్క మాత్ర ఇవ్వను. ఇది చాక్లెట్ కాదు."

"ఇమ్మని ఎవరన్నారమ్మా?" అన్నారు వాసుదేవరావు గారు ఫోనులో, చాలా నొచ్చుకుని. "మాకూ బాధ్యత ఉంది. ఎవరూ ఏమీ మింగక్కర్లేదు. పేరు నమోదైతే చాలు. పెట్టె మీద పేరు రాసి బీరువాలో పెట్టండి. మందు ఇవ్వడం వేరు, లక్ష్యం సాధించడం వేరు. రెండూ కలిపేయబట్టే మీకు ఇంత ఇబ్బంది."

ఈలోగా రాజధాని నుంచి గంగాధరం గారు అడిగినన్ని పెట్టెలూ దిగాయి. అడిగినవి అడిగినట్టు రావడం ఆ ఆస్పత్రి పుట్టాక అదే మొదటిసారి. దాలినాయుడికి ముందే ఇచ్చినది లెక్కలో పోగా మూడువందల ఇరవై మూడు పెట్టెల మీద మూడువందల ఇరవై మూడు త్రేన్పుల పేర్లు అంటించి, తారకేశ్వరి బీరువాలో సర్ది తాళం వేసింది. నమోదుకి ఒక యాప్ కూడా ఇచ్చారు. ఫోను ముందు ముఖం పెడితే అది చూసి, కొత్త లబ్ధిదారు అయితే ఆకుపచ్చ గీత వేసి అంకె ఒకటి పెంచుతుంది. నర్సమ్మలు ఊళ్ళలో తీసుకొచ్చిన ఫోటోలు ఒక్కొక్కటే అందులోకి ఎక్కుతున్నాయి.

మూడో నెల పెట్టె కోసం దాలినాయుడు వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఫోను ముందు నవ్వుతూ నిలబడ్డాడు. ఫోను ఆలోచించింది. ఎర్ర గీత వేసింది. "ఈ లబ్ధిదారు ముఖము ఇదివరకే సాధించబడినది."

"ఏటంతందమ్మా అది?"

"ఆగండి నాయుడూ," అని తారకేశ్వరి మళ్ళీ పెట్టించింది. పక్కకి తిప్పి పెట్టించింది. సాధించబడినదనే అంది. గంగాధరం గారికి ఫోను చేసింది.

"అవునమ్మా, సిస్టమ్ సరిగ్గానే చెబుతోంది," అన్నారాయన. "సెప్టెంబరులోనే ఆయన అచీవ్ అయిపోయాడు కదా. అయిపోయినవాడికి మళ్ళీ ఎలా ఇస్తాం? ఆపరేషన్ అయినవాడికి మళ్ళీ ఆపరేషన్ చేస్తామా?"

"ఇది ఆపరేషన్ కాదండీ. రోజూ మింగే మాత్ర. మానితే జబ్బు మళ్ళీ లేస్తుంది."

"లేవనీయమ్మా, పథకంలో దానికి కాలమ్ లేదు. ఆయనకి మళ్ళీ ఇస్తే అంకె పెరుగుతుందా? పెరగదు. పెరగనిది అచీవ్‌మెంటు ఎలా అవుతుంది? ఒక్కడే పన్నెండు పెట్టెలు మింగేస్తే మిగతా పదకొండు మంది లక్ష్యం ఏమవ్వాలి?"

"ఆ పదకొండు మందికీ జబ్బే లేదండీ!"

"అందుకే కదమ్మా వాళ్ళతో ఏ పేచీ రావడం లేదు," అన్నారు గంగాధరం గారు. ఆయన గొంతులో కోపం లేదు. చిన్నపిల్లకి ఎక్కాలు చెబుతున్నంత ఓపిక ఉంది.

ఫోను పెట్టేసిన తారకేశ్వరి ముఖం చూసి దాలినాయుడు తనే అడిగాడు. "అచ్చీవంటే ఏటి తల్లీ?"

"అంటే... మీ పని అయిపోయిందని రాసుకున్నారు."

"అయిపోనానా?" అన్నాడు దాలినాయుడు. తన చేతులకేసి, కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఒలే సూరీడూ, నాను అయిపోనానంట. ఇంటికి పోయి పప్పన్నం ఒండుతావేటి, పిండాలొండుతావేటి?"

"నీ నోరు పడిపోను," అంది సూరీడమ్మ. బీరువా అద్దంలోంచి పెట్టెలు వరసగా కనపడుతున్నాయి. "అన్నున్నాయి కదమ్మా అక్కడ? ఒక్కటిస్తే ఏటి పోతాది?"

ఒక్కొక్క పెట్టెకీ ఒక్కొక్క పేరుంది, ఏ పెట్టె ఎవరిదో పైవాళ్ళు ఇష్టం వచ్చినప్పుడు ఫోటో అడుగుతున్నారు. ఇంతమందికి పెట్టెలుండగా ఈ మనిషికి లేకపోవడమేమిటని తారకేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. అయినా ఇరవై ఆరేళ్ళ అలవాటు చెయ్యి పట్టుకుని ఆపింది. రేపు రమ్మని పంపించింది.

మర్నాడు మీసం తీయించుకుని వచ్చాడు. సాధించబడినది. మూడోనాడు నుదుటి మీద అడ్డబొట్టు, మెడలో తులసిమాల. సాధించబడినది. నాలుగోనాడు సూరీడమ్మ ఆయన తలకి ఎర్ర తువ్వాలు చుట్టి తెచ్చింది. అది నిఖత్ వచ్చే గురువారం. ఆయన కళ్ళ కింద వాపు చూసి, "ఈ మాత్రకి కొందరికి ఇలా రెప్పలు ఉబ్బుతాయి. ఒళ్ళు కూడా చేశారు, బుగ్గలొచ్చాయి," అంది. "యాప్‌లో ఉన్నది ఎప్పటి ఫోటో?"

"మొదటి రోజుదండీ. నేల మీద కూర్చున్నప్పుడు ఫైలు కోసం తీసింది, యాప్ వచ్చాక అదే ఎక్కించారు."

"ఆ మనిషికీ ఈ మనిషికీ పోలికేముంది? ఇన్నాళ్ళూ వెలుగు ఎదురుగా పెట్టి తీశారేమో. కిటికీ పక్కకి రండి."

కిటికీ పక్కన, ఉబ్బిన రెప్పలతో, మీసం లేని కొత్త బుగ్గలతో దాలినాయుడు ఫోనులోకి చూశాడు. ఆకుపచ్చ గీత పడింది. "నూతన లబ్ధిదారు." పక్క మండలం కోటాలో, ఊరొదిలిపోయిన ఒక త్రేన్పు స్థానంలో, సిమ్మ నాయుడు దాలి అనే కొత్త మనిషికి పెట్టె మంజూరైంది. నిఖత్, తారకేశ్వరి ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. రోజుకొక మాత్ర మానకూడని మనిషికి అప్పటికి నాలుగు పూటలు పోయాయి.

ఆ పెట్టె నడుస్తుండగానే లక్ష్యం పూర్తయిపోయింది. మూడువందల ఇరవై నాలుగుకి మూడువందల ఇరవై నాలుగు. వాసుదేవరావు గారు జిల్లాని శాచ్యురేషన్ జిల్లాగా ప్రకటించారు. ఆ మాటకి అర్థం, ఇంక ఈ జిల్లాలో ఆ మందు అవసరమున్నవాడు ఉండడానికి వీల్లేదని. యాప్ మూసేశారు. రాష్ట్రంలో మొదటి బహుమతి. రాజధాని నుంచి పెద్దాయన వస్తున్నారని కళాభారతి హాల్లో సభ పెట్టారు.

సభలో ఒక లబ్ధిదారు మాట్లాడాలి కదా. దాలినాయుడు కాక మిగతా పేర్లలో ఒక్కరికీ తాము లబ్ధి పొందినట్టు తెలియదు. పంటి నొప్పి ఆయన్ని పిలిస్తే పన్ను పీకించుకున్నానని చెప్పి రానన్నాడు. చివరికి తోటవాడకి జీపు పంపించారు. జీపు వచ్చిందంటే మాత్రలిస్తారేమోనని దాలినాయుడు, సూరీడమ్మ గబగబా ఎక్కారు. ఆయన పెట్టె అయిపోయి తొమ్మిది రోజులైంది. రెండు రోజుల నుంచి మళ్ళీ అన్నం సయించడం లేదు.

వేదిక మీద ఆయనకి పూలదండ వేశారు. తర్వాత ఇద్దరు ఉద్యోగులు నాలుగడుగుల అట్టముక్క ఒకటి మోసుకొచ్చారు. వెండి కాగితం అంటించి, గుండ్రంగా పది ఎర్ర మాత్రలు బొమ్మ వేసిన పెద్ద మాత్రల పట్టీ. దాన్ని ముఖ్య అతిథి, వాసుదేవరావు గారు చెరో పక్కా పట్టుకుని దాలినాయుడు చేతికి అందించారు. ఫోటోలు తీశారు. మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

దాలినాయుడు అట్టని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "బాబూ," అన్నాడు, "ఈ పెద్దది నాకొద్దు. ఆ సిన్నది ఇప్పించండి."

సభ చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ఉన్న తారకేశ్వరి ఒక్కతే కొట్టలేదు.

"ఏమంటున్నారు?" అని అడిగారు ముఖ్య అతిథి.

"కృతజ్ఞతలు చెబుతున్నాడు సార్. ఇక్కడి యాస," అన్నారు వాసుదేవరావు గారు, మైకు అందుకుంటూ.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. "లక్ష్యము నూరు శాతము పూర్తయినందున సదరు ఔషధము మిగులుగా పరిగణించి కేంద్ర గిడ్డంగికి వాపసు చేయవలెను." లారీ మధ్యాహ్నానికి వస్తుంది. తారకేశ్వరి బీరువా తెరిచి పెట్టెలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. నెత్తళ్ళ పులుసు గుర్తొచ్చింది. పూలదండ మెడలో వేసుకుని అట్టముక్క చంకలో పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది. ఒక పెట్టె తీసి తన సంచిలో వేసుకుని, రిజిస్టరు తెరిచి, ఇరవై ఆరేళ్ళలో మొదటి అబద్ధం గుండ్రటి దస్తూరీతో రాసింది. "ఎలుకలు కొట్టినవి: పెట్టె ఒకటి, మాత్రలు ముప్ఫై."

లారీ వచ్చేలోగా, కార్యాలయానికి పంపిన వాపసు లెక్కలో ఈ వాక్యం మీద గంగాధరం గారి కన్ను పడింది. ఆయన ఆస్పత్రికే వచ్చేశారు. తారకేశ్వరి సంచిని కాలితో బల్ల కిందికి తోసేసింది. ఉద్యోగం పోతే పోయింది, పెట్టె మాత్రం ఇవ్వననుకుంది.

"ఇది చాలా పెద్ద తప్పమ్మా," అన్నారాయన కళ్ళజోడు సర్దుకుంటూ. "నష్టం జరగడం తప్పు కాదు. కేటాయింపు లేకుండా జరగడం తప్పు. ఎలుకలకి ఇంత అని ముందే మంజూరు లేనిదే అవి ఎలా తింటాయి?"

"అయితే ఏం చేయాలండీ?"

"ఈ ఎలుకలు ఎన్నాళ్ళకి ఒక పెట్టె తింటాయి?"

తారకేశ్వరి ఆయన కళ్ళలోకి చూసింది. అక్కడ చమత్కారం గానీ, జాలి గానీ, అనుమానం గానీ ఏమీ లేదు. అంకె కోసం వేచి ఉన్న కళ్ళు. "నెలకొకటండీ," అంది మెల్లగా. "రోజుకొక మాత్ర చొప్పున."

"క్రమశిక్షణ గల ఎలుకలు," అని మెచ్చుకుని గంగాధరం గారు అక్కడే బల్ల మీద ఉత్తర్వు రాసేశారు. మూషిక నష్టం నిమిత్తం సంవత్సరానికి పన్నెండు పెట్టెలు వాపసు నుంచి మినహాయించి జిల్లా ఆస్పత్రిలోనే ఉంచవలెను. అందు మొదటిది ఇదివరకే తినబడినది. ఎలుకలు ప్రతి నెలా ఐదో తారీఖులోగా తమ వాటా తిన్నట్టు ఫార్మసిస్టు ధ్రువీకరించవలెను. తినని యెడల సంజాయిషీ ఇచ్చుకొనవలెను. సాయంత్రానికి వాసుదేవరావు గారి సంతకం కూడా అయిపోయింది. కొత్త లక్ష్యమొకటి కనపడేసరికి ఆయన ముఖం వికసించిందట.

నిఖత్ ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడింది. మరుసటి గురువారం ఓ చీటీ రాసి కిటికీలోంచి లోపలికి తోసింది. "మేడమ్, పరీక్షలో గుర్తు ఉన్న ఎలుకలు ఇంకో రెండు దొరికాయి." తారకేశ్వరి కార్యాలయానికి ఉత్తరం పెట్టింది. ఎలుకల సంఖ్య పెరిగిందనగానే కోటా ముప్ఫై ఆరు పెట్టెలకి పెంచుతూ మూడు రోజుల్లో మంజూరు వచ్చింది. దానికి ఎవరూ ముఖం చూపించమనలేదు.

ఇప్పుడు ప్రతి నెలా ఐదో తారీఖున ఆ కిటికీ ముందు ముగ్గురు నిలబడతారు. దాలినాయుడు వాళ్ళలో ముందుంటాడు. మళ్ళీ మీసం పెంచాడు. ఆ నాలుగు పూటలు, ఆ పది రోజులు చేసిన చెరుపు పూర్తిగా సర్దుకోలేదు గానీ, పొట్టలోది మళ్ళీ అణిగిందని నిఖత్ అంటోంది. బట్టీకి పోయి నీడపట్టున కూర్చుని పిక్కలు ఏరుతున్నాడు.

మొదటిసారి ఆయన చేత రిజిస్టరులో సంతకం పెట్టించేటప్పుడు తారకేశ్వరికి సిగ్గేసింది. "ఏమనుకోకండి నాయుడూ," అంది. "ఇక్కడ పేరు రాయడానికి లేదు. ఎలుక అనే రాశాను. మనిషిని పట్టుకుని ఇలా రాయాల్సి వచ్చింది."

దాలినాయుడు పెట్టె విప్పి, ఒక మాత్ర నోట్లో వేసుకుని, సూరీడమ్మ అందించిన నీళ్ళు గ్లాసుడూ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఎలకనైతే ఏటయినాది తల్లీ," అన్నాడు. "మనిసి లెక్కనైతే నాను ఎప్పుడో అయిపోనాను కదా."